అప్‌డేట్: రాబర్ట్ స్మాల్స్ చట్టసభలో ఏం చేశారు?

అమెరికా అంతర్యుద్ధ కాలంలో ఓడతో పారిపోయి బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి నావికుడు రాబర్ట్ స్మాల్స్ తర్వాత రాజకీయాల్లో ఏం చేశారని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. అప్పటి నుంచి చదువుతూనే ఉన్నాను.

ఓడ కథ చాలామందికి తెలిసిందే. 1862 మే 13 తెల్లవారుజామున స్మాల్స్, కెప్టెన్ గడ్డి టోపీని తను పెట్టుకుని, ముఖం కనబడకుండా నిలబడి, బానిసత్వం కోసం పోరాడుతున్న దక్షిణాది సైన్యపు కోట ఫోర్ట్ సమ్టర్ ముందు సరైన ఈల సిగ్నల్ ఇచ్చి, ఆ సైన్యపు ఓడ ‘ప్లాంటర్’ను దాటించారు. భార్యాపిల్లలు కూడా ఓడలోనే ఉన్నారు. దొరికితే ప్రాణాలు పోయేవే. అది చదువుతుంటే నాకే టెన్షన్ వచ్చింది.

నేను అడిగింది మాత్రం ఆ తర్వాతి సంగతి. 1868లో సౌత్ కరోలినా రాజ్యాంగ సభలో పిల్లలందరికీ ఉచిత, నిర్బంధ చదువు కావాలని పట్టుబట్టారు. చిన్నప్పుడు తనకు బడి లేదు మరి! నాకు బాగా నచ్చింది ఇదే. అదే ఏడాది రాష్ట్ర దిగువ సభకు, 1870లో రాష్ట్ర సెనేట్‌కు (ఎగువ సభకు), తర్వాత వాషింగ్టన్‌లోని అమెరికా కాంగ్రెస్‌కు వెళ్లారు.

1877లో లంచం కేసులో శిక్ష పడింది, 1879లో గవర్నర్ క్షమాభిక్ష పెట్టారు. నల్లవారిని రాజకీయాల నుంచి తరిమేస్తున్న రోజులవి, అందుకే ఆ కేసును నేను నమ్మలేకపోతున్నాను. 1895లో నల్లవారి ఓటు తీసేయడానికి రాష్ట్రానికి కొత్త రాజ్యాంగం రాస్తుంటే, ఆ సభలోనే నిలబడి ఎదిరించారు.

ఇంకోటి. సౌత్ కరోలినాలోని సొంతూరు బ్యూఫోర్ట్‌లో ఏ యజమాని ఇంటి వెనుక గదిలో పుట్టారో, యుద్ధకాలంలో ఆ ఇంటినే పన్ను వేలంలో కొనుక్కున్నారు. 1915లో కన్నుమూసిందీ అక్కడే.