భుగభుగా, బుగబుగా?

లంకగట్టు: "ఖగపతి యమృతము తేఁగా" పద్యం ఇక్కడ రానివాళ్ళుండరు. గరుత్మంతుడు అమృతం తెస్తుంటే ఒక చుక్క భూమ్మీద పడి పొగచెట్టై పుట్టిందనీ, పొగ తాగనివాడు దున్నపోతై పుడతాడనీ కన్యాశుల్కంలో గిరీశం శిష్యుడు వెంకటేశానికి చెప్పే కంద పద్యం. నా పేచీ రెండో పాదంతో. "భుగభుగమని పొంగి చుక్క భూమిని వ్రాలెన్" అని పుస్తకాల్లో చూశాను. మా నాన్నగారు మాత్రం "బుగబుగ" అని ఒత్తు లేకుండానే చదివేవారు. ఏది సరి? ఇదెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న ఒక స్నేహితుడు డొమినికన్ సిగారు ఇచ్చాడు. పైఆకు కనెక్టికట్ షేడ్ అనే రకం. వెలిగించకముందు లాగి చూస్తే ఎండుగడ్డి, సీడార్ పెట్టె వాసన. వెలిగించాక మీగడ, వేయించిన జీడిపప్పు. ఘాటన్నదే లేదు. దీన్ని భుగభుగ అనొచ్చా అని అప్పట్నుంచీ తొలుస్తోంది.

తాళపత్రం: యతి చూసుకోండి, పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన అక్షరం. భు, భూ. ఒత్తు ఉండాల్సిందే.

ఛందోవ్యసని: అక్కర్లేదండీ. బకార భకారాలకు యతి చెల్లుతుంది, ఉత్వం ఎలాగూ కలిసింది. ఛందస్సుతో ఈ తగవు తీరదు. అసలు చూడాల్సింది నాలుగో పాదం, "పొగ త్రాగనివాడు". త్రా సంయుక్తం కదా అని ముందున్న గకారాన్ని గురువు చేశారో, గణానికి నాలుగు మాత్రలే పట్టే చోట అయిదై కందం కుంటుతుంది. తెనుగు మాట గనక తేల్చి పలకాలి. "భూమిని వ్రాలెన్"లో నికారానికీ అదే న్యాయం.

తాళపత్రం: మా వైపు అందరూ "తాగని" అనే అంటారు. మీ సమస్యే పుట్టదు.

ఛందోవ్యసని: మీ వైపు చాలా సమస్యలు పుట్టవు లెండి.

సాంబ్రాణి: అర్థం గాలికొదిలేశారు. మా అమ్మమ్మ ధూపం వేసి "ఇల్లంతా భుగభుగలాడుతోంది" అనేది. ఇది చప్పుడు కాదు, గుబాళింపు. పొగచెట్టు పుట్టకముందే కవి దానికి వాసన పెట్టాడు. లంకగట్టు గారూ, మీ సిగారుకి ఆ మాట నిక్షేపంగా వాడుకోండి.

తాళపత్రం: పక్కనే "పొంగి" ఉంటే గుబాళింపేమిటమ్మా? వాసన పొంగుతుందా?

సాంబ్రాణి: పొంగదా? పెద్దన గారినడగండి. "మృగమద సౌరభ విభవ ద్విగుణిత ఘనసార సాంద్ర వీటీ గంధ..." కస్తూరి, దానితో రెట్టింపైన కర్పూరం, రెండూ చిక్కగా పట్టిన తాంబూలం. ఆ వాసన మోసుకొచ్చిన గాలి మిగతా పరిమళాలన్నిటినీ కప్పేసిందట. మనిషి కనపడకముందే ఆడమనిషి ఉందని తెలిసిపోయింది. సిగారు రుచులు రాసేవాళ్ళు మొదటి మూడోవంతు, నడిమి మూడోవంతు అంటూ పేజీలు నింపుతారు. ఆయనకి ఒక్క కందం చాలింది. అన్నట్టు అదీ గకార ప్రాసే, ప్రతి పాదంలో రెండో అక్షరం గకారం. మన చాటువు దానికి పేరడీ అని నా అనుమానం.

ఛందోవ్యసని: గకార ప్రాస కందాలు కొల్లలు. "ఖగపతి" అని ఎత్తుకున్నాక గకారం తప్ప గతేముంది? పేరడీ అనాలంటే ఇంకో ఆనవాలు చూపించండి. పొగాకు పోర్చుగీసువాళ్ళ వెంట ఈ దేశం వచ్చింది, పెద్దన దాని వాసన ఎరగడు.

గోదారోడు: అసలు ఆ పద్యం మీ మీగడ సిగారు కోసం పుట్టలేదండీ. ఒండ్రు మట్టిలో పెరిగిన లంక పొగాకు కాల్చి చూడండి, ఒక్క దమ్ముకి నసాళానికెక్కుతుంది. భుగభుగ అంటే అది. కనెక్టికట్ ఆకు గుడ్డ పందిళ్ళ కింద నీడపట్టున పెరుగుతుంది. అందుకే పలచన, అందుకే సాధువు. అయినా పైఆకు చూసి సాధువనుకోకూడదు. లోపలి ఆకు ఘాటుదైతే పైది ఏం ఆపుతుంది?

లంకగట్టు: లోపలా డొమినికన్ ఆకేనండి, మెత్తటిదే. పొగ మింగకుండా నోట్లో తిప్పి, కాస్త ముక్కులోంచి వదిలితే గాని జీడిపప్పు తెలియలేదు. నిమిషానికో దమ్ము చాలు. ఆత్రంగా లాగితే కాక పుట్టి చేదెక్కింది.

గోదారోడు: నిమిషానికో దమ్మా! మా ఉత్తరాంధ్ర చుట్టాల్లో ముసలమ్మలు అడ్డపొగ తాగేవారు, నిప్పు నోటి లోపల పెట్టుకుని. వాళ్ళ ముందు మీ జీడిపప్పు మాట ఎత్తకండి.

సాంబ్రాణి: అంగిట్లో క్యాన్సరు మాటా ఎత్తాలిగా. గిరీశం ఆ ఒక్కటీ వెంకటేశానికి చెప్పలేదు, బృహన్నారదీయం పేరు మాత్రం చెప్పాడు.

తాళపత్రం: ఇవన్నీ సరే. "పొంగి" క్త్వార్థం, అంటే ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియ. కర్త ఒకడే కావాలి. వ్రాలింది చుక్క. అయితే పొంగిందీ చుక్కే కావాలి. ఒక్క చుక్క ఎలా పొంగుతుందండీ?

ఛందోవ్యసని: చుక్క అమృతంలో భాగం కాదూ? అవయవాన్ని అవయవితో కలిపి చెప్పడం కవులకు కొత్తా?

తాళపత్రం: అలా అయితే పొగచెట్టై జన్మించింది మొత్తం అమృతం. గరుత్మంతుడు కద్రువకి ఖాళీ కుండ ఇచ్చాడా?

సాంబ్రాణి: దీనికి ఆదిపర్వం తియ్యాలి. రేపు రాస్తాను, ఈ చర్చా దారం మూసెయ్యకండి.