వరద రోజుల్లో ఓఎస్‌పీఎఫ్: ఒకే ఏరియా చాలా, విభజించాలా?

లంకవాసి (అమలాపురం): అమలాపురం, రాజోలు, రావులపాలెం కలిపే మా ఇంటర్నెట్ రింగులో సుమారు ఇరవై రౌటర్లున్నాయి. డేటా వెళ్లే దారులను రౌటర్లు నిర్ణయించుకునే నియమావళి ఓఎస్‌పీఎఫ్‌లో అవన్నీ ఒకే ఏరియాలో, అంటే ఒకే పటాన్ని పంచుకునే సమూహంలో ఉన్నాయి. గోదావరి పెరిగినప్పుడు వైనతేయ పాయ దాటే ఫైబర్ పడుతూ లేస్తూ ఉంటే ప్రతిసారీ అన్ని రౌటర్లూ మార్గాలను తిరిగి లెక్కిస్తున్నాయి. మూడు ఏరియాలుగా విభజించాలని నా వాదన.

ఉప్పుటేరు (భీమవరం): లంకవాసి గారూ, విభజన వద్దు. ఓఎస్‌పీఎఫ్‌లో ప్రతి రౌటరూ తన లింకులను, వాటి కాస్ట్‌ను (ఆ లింకుకు దూరంగా లెక్కించే అంకెను) మాత్రమే ప్రకటిస్తుంది. ఆ ప్రకటన మధ్యలో ఎవరూ మార్చకుండా ఏరియా అంతటా చేరుతుంది కనుక అన్నిటి దగ్గరా ఒకే పటం తయారవుతుంది, దానిమీద ప్రతి రౌటరూ డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన పద్ధతితో దగ్గరి దారిని స్వయంగా లెక్కించుకుంటుంది. పొరుగు రౌటరు చెప్పిన దూరాన్నే నమ్మే పాత నియమావళి రిప్‌ను మనం వదిలింది ఇందుకే. ఏరియాలు పెడితే సరిహద్దు రౌటరు అవతలి పటాన్ని దాచి దూరం మాత్రమే చెబుతుంది. ఇరవై రౌటర్ల లెక్క నేటి ప్రాసెసర్లకు మిల్లీసెకన్ల పని.

కోరింగ (యానాం): లెక్క తేలికే కావచ్చు, నా భయం ప్రకటనల వ్యాప్తి గురించి. 1980 అక్టోబరు 27న, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో ఒక రౌటరు ప్రకటనల వరుస సంఖ్యలు చెడిపోయి, వాటిలో ఏది కొత్తదో తేలక అవి తిరుగుతూనే ఉండడంతో నెట్‌వర్క్ మొత్తం గంటల తరబడి స్తంభించింది. ప్రకటన ఎంత దూరం పోతే తప్పు కూడా అంత దూరం పోతుంది.

ఉప్పుటేరు: కోరింగ గారూ, ఆ ఉదాహరణ విలువైనదే, కానీ దాని మందు ప్రోటోకాల్‌లోనే ఉంది. ఆనాటి సంఖ్యలు వలయంగా తిరిగేవి, అంటే చివరికి చేరాక మళ్లీ మొదటికి వచ్చేవి. ఓఎస్‌పీఎఫ్‌లో అవి ఒకే దిశలో పెరుగుతాయి, ప్రతి ప్రకటనకూ అది చెడిపోయిందో లేదో తేల్చే అంకె, చెక్‌సమ్ ఉంటుంది, 3600 సెకన్లలో తాజా ప్రతి రాకపోతే పాతది తొలగిపోతుంది. లంకవాసి గారి అసలు బాధ ఊగిసలాడే లింకు. ధవళేశ్వరం వద్ద గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పుడే ఆ లింకు కాస్ట్ పెంచి ట్రాఫిక్‌ను రావులపాలెం వైపు మళ్లిస్తే, తరువాత అది ఎన్నిసార్లు పడినా చందాదారులకు తెలియదు. మార్గాల లెక్కల మధ్య విరామం క్రమంగా పెరిగేలా కూడా అమర్చండి.

కోరింగ: కాస్ట్ మార్పుకు ఒప్పుకుంటాను. రింగు రేపు నరసాపురం దాకా పెరిగితే మాత్రం విభజన తప్పదు.

ఉప్పుటేరు: అప్పుడైనా ముందు చిరునామాలను ఊళ్ల వారీగా వరుసలో పెట్టాలి. లేకుంటే సరిహద్దు వద్ద వాటిని ఒకే ప్రకటనగా కుదించలేం, ఒక ఏరియాలోని కదలికలు పక్క ఏరియాకూ చేరుతూనే ఉంటాయి.