బిల్లింగ్ డేటాబేస్ 8.6 జీబీ అయింది, ఫ్రీ ఎక్స్‌ప్రెస్ వదిలేసి స్టాండర్డ్ కొనాలా?

కొట్టు_లెక్కలు (పూర్ణా మార్కెట్, వైజాగ్)
మందుల హోల్‌సేల్. మొత్తం 7 సిస్టమ్‌లు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019 ఎక్స్‌ప్రెస్ (ఫ్రీ ఎడిషన్; స్టాండర్డ్ డబ్బు కట్టేది) మీద నడుస్తోంది. ఎమ్‌డీఎఫ్ (డేటా ఫైలు) 8.6 జీబీ, ఎల్‌డీఎఫ్ (మార్పులు నమోదయ్యే లాగ్ ఫైలు) 14 జీబీ. "స్టాండర్డ్ కొనేయండి, లేకపోతే ఓ రోజు బిల్లు పడదు" అంటున్నాడు సాఫ్ట్‌వేర్ అబ్బాయి. ఫ్రీ దాంతోనే నెట్టుకురావచ్చా? ర్యామ్ 16 జీబీ ఉన్నా స్టాక్ రిపోర్టు నత్తనడకే.

డీబీ_గాజువాక
బిల్లు పడదన్నది నిజమేనండి. 2019 ఎక్స్‌ప్రెస్‌లో డేటా ఫైలు 10 జీబీ దాటి పెరగదు, కొత్త ఎంట్రీలు ఆగిపోతాయి. పాతవి చూసుకోవడానికి అడ్డుండదు. ఎల్‌డీఎఫ్ ఈ లెక్కలోకి రాదు. పైగా పరిమితి ఒక్కో డేటాబేస్‌కి, మొత్తం సర్వర్‌కి కాదు.

కొనే ముందు ఆ 8.6లో ఏముందో చూడండి. మేనేజ్‌మెంట్ స్టూడియోలో (ఎస్‌క్యూఎల్ సర్వర్‌ని చూసుకునే టూల్) డేటాబేస్ మీద రైట్ క్లిక్ చేసి, రిపోర్ట్స్, స్టాండర్డ్ రిపోర్ట్స్‌లో "డిస్క్ యూసేజ్ బై టాప్ టేబుల్స్" తెరవండి. ఉత్త బిల్లులు ఇంత చోటు తినడం అరుదు. తినేవి చాలాసార్లు స్కాన్ చేసిన ఇన్‌వాయిస్ బొమ్మలు, లేదా ఎవరు ఏం మార్చారో రాసే ఆడిట్ టేబుల్. బొమ్మల్ని ఫోల్డర్‌లోకి మార్పించి, టేబుల్‌లో ఫైలు దారి మాత్రం ఉంచమనండి. ఆడిట్ రికార్డులు చెరపొద్దు (ప్రైవేట్ లిమిటెడ్ అయితే చట్టమే ఒప్పుకోదు), పాత ఏడాదులవి వేరే డేటాబేస్‌కి తరలించండి. ఆ తర్వాత ఎమ్‌డీఎఫ్ సైజు తగ్గలేదని కంగారు పడకండి, లోపల ఖాళీ అయిన చోటే కొత్త బిల్లులకు సరిపోతుంది. దానికి ష్రింక్ (ఫైలు కుదించే ఆదేశం) కొడితే ఇండెక్సులు (డేటాని త్వరగా వెతికిపెట్టేవి) చెల్లాచెదురై ఇంకా నెమ్మదిస్తుంది.

ఎల్‌డీఎఫ్ 14 జీబీ అయిందంటే రికవరీ మోడల్ (లాగ్‌ని ఎంతవరకు ఉంచాలో చెప్పే సెట్టింగ్) ఫుల్‌లో ఉండి, ఎవరూ లాగ్ బ్యాకప్ తీయట్లేదేమో. రోజువారీ బ్యాకప్ చాలనుకుంటే సింపుల్‌కి మార్చి, లాగ్ ఫైలుని మాత్రం ఒక్కసారి ష్రింక్ చేయండి.

ఎండాడ_నెట్‌వర్క్
ర్యామ్ మీద డబ్బు పోయకండి. ఎక్స్‌ప్రెస్ డేటా కోసం వాడుకునేది 1,410 ఎంబీ, ప్రాసెసర్ కోర్లు 4 వరకే. 32 జీబీ పెట్టినా అంతే. ముందు ఆ రిపోర్టు క్వెరీకి సరైన ఇండెక్స్ ఉందో లేదో చూడాలి.

2025 ఎక్స్‌ప్రెస్‌లో సైజు పరిమితి 50 జీబీ చేశారు, అదీ ఫ్రీయే. మెమరీ పరిమితి మాత్రం మారలేదు. మీ సాఫ్ట్‌వేర్ వాళ్లు దాని మీద పరీక్షించారా అని అడగండి. ఒకసారి 2025కి ఎక్కిన డేటాబేస్ మళ్లీ 2019లో రీస్టోర్ అవదు, అందుకని ముందు రోజు బ్యాకప్ పక్కన పెట్టుకోండి.

బ్యాకప్_మాస్టారు
ఎక్స్‌ప్రెస్‌లో అసలు లోటు ఏజెంట్ (పనుల్ని వేళకి తనంతట తానే నడిపే భాగం) లేకపోవడం. ఎస్‌క్యూఎల్‌సీఎండీ అనే కమాండ్ లైన్ టూల్‌తో బ్యాకప్ స్క్రిప్టు రాసి విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో రాత్రికి పెట్టండి. నేరుగా పక్క సిస్టమ్ షేర్‌లోకి తీస్తే "యాక్సెస్ డినైడ్" వస్తుంది, ఎందుకంటే తీసేది మీ లాగిన్ కాదు, ఎస్‌క్యూఎల్ సర్వర్ నడిచే సర్వీస్ ఖాతా. ముందు లోకల్ డిస్కులోకి తీసి, తర్వాత విండోస్‌లోని కాపీ టూల్ రోబోకాపీతో పంపండి. నెలకోసారి వేరే సిస్టమ్‌లో రీస్టోర్ చేసి, నిన్నటి ఆఖరి బిల్లు కనిపిస్తోందా చూడండి. ఒక కాపీ ఊరి బయట ఉండాలి. 2014 హుద్‌హుద్ చూసిన ఊరికి అది వేరే చెప్పక్కర్లేదు.

కొట్టు_లెక్కలు
చూశానండి, ఇన్‌వాయిస్ బొమ్మలే 5 జీబీ పైన! ముందుముందు స్టాండర్డే కొనాల్సొస్తే లైసెన్స్ ఎలా లెక్క? పోస్ట్‌గ్రెస్ (ఇంకో డేటాబేస్) అయితే ఫ్రీ కదా?

డీబీ_గాజువాక
కోర్ల లెక్కన తీసుకుంటే కనీసం 4 కోర్లకి కట్టాలి. మీకు సర్వర్ లైసెన్స్‌తో పాటు క్యాల్‌లు (వాడే సిస్టమ్‌కో మనిషికో ఒక్కోటి తీసుకునే అనుమతి) తీసుకునే పద్ధతి నయం. ఒకే సిస్టమ్ మీద రెండు షిఫ్టుల వాళ్లు కూర్చుంటే డివైస్ క్యాల్, ఒక్కరే ఆఫీసు సిస్టమ్, ల్యాప్‌టాప్, ఫోన్ వాడితే యూజర్ క్యాల్. డెవలపర్ ఎడిషన్ ఫ్రీగా దొరుకుతుంది, అది కొట్లో బిల్లింగ్‌కి వాడకూడదు.

పోస్ట్‌గ్రెస్‌కి ఈ సైజు, మెమరీ పరిమితులేవీ లేవు. కానీ మీ సాఫ్ట్‌వేర్‌లో స్టోర్డ్ ప్రొసీజర్లన్నీ (డేటాబేస్‌లోనే దాచిన ప్రోగ్రాములు) ఎస్‌క్యూఎల్ సర్వర్ భాష టీ-ఎస్‌క్యూఎల్‌లో ఉంటే వాటిని తిరగరాయాలి, ఆ ఖర్చు లైసెన్స్‌ని మించిపోవచ్చు. కొత్త సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న అది.