‘ఎరిత్రోసెఫాలస్’ చివర ‘అస్’ పోయి ‘అం’ ఎందుకు వచ్చింది?

ప్రశ్న: హిమాలయాల్లో ఉండే ఒక లాఫింగ్‌థ్రష్ పిట్ట శాస్త్రీయనామం పాత పుస్తకంలో ‘గారులాక్స్ ఎరిత్రోసెఫాలస్’, కొత్త పుస్తకంలో ‘ట్రోకలాప్టెరాన్ ఎరిత్రోసెఫాలం’ అని ఉంది. ప్రజాతిని (దగ్గరి జాతుల గుంపును) మార్చారు కాబట్టి మొదటి మాట మారింది, సరే. రెండోది ఎందుకు మారాలి? అచ్చుతప్పా?

జవాబు: అచ్చుతప్పు కాదండీ, శుద్ధ వ్యాకరణం. శాస్త్రీయనామంలో ప్రజాతి పేరు విశేష్యం. జాతిని చెప్పే రెండో మాట విశేషణమైతే విశేష్యం లింగాన్నే అనుసరించాలి. మన ‘యల్లింగం యద్వచనం’ నియమమే లాటిన్‌లోనూ ఉంది. గారులాక్స్ పుంలింగం కనుక ‘అస్’. ట్రోకలాప్టెరాన్ చివరనున్న ‘ప్టెరాన్’ గ్రీకులో రెక్కకు పేరు, అది నపుంసకం, కనుక ‘అం’. ‘సుందరః బాలః’, ‘సుందరం ఫలం’ అన్నట్టే. పైగా రెండూ చక్కని బహువ్రీహులు: గుండ్రని రెక్కలు కలది, ఎర్రని తల కలది. నిజంగానే ఆ పిట్ట నడినెత్తి ఇటుకరంగులో ఉంటుంది.

మరో ప్రశ్న: అయితే నీలగిరి లాఫింగ్‌థ్రష్‌కు 1839లో పక్షిశాస్త్రజ్ఞుడు జర్డన్ పెట్టిన ‘కాకినాన్స్’ మాత్రం ఎన్ని ప్రజాతులు మారినా చెక్కుచెదరలేదు. ఎందుకండీ?

జవాబు: మంచి ఉదాహరణ పట్టుకున్నారు! ఆ మాటకు ‘పగలబడి నవ్వే’ అని అర్థం, అంటే క్రియాజన్య విశేషణం. నవ్వే అబ్బాయి, నవ్వే అమ్మాయి, నవ్వే పిట్ట: తెలుగులో ‘నవ్వే’ మారదు. లాటిన్‌లోనూ ఈ రకం మాటకు ప్రథమా ఏకవచనంలో మూడు లింగాలకూ ఒకటే రూపం.

పడమటి కనుమల షోలా అడవుల్లోని (ఎత్తైన కొండల మీది పొట్టి అడవుల్లోని) ఈ రకం పిట్టలు వేరే శాఖకు చెందినవని డీఎన్‌ఏ పరిశీలనలో తేలడంతో 2017లో వాటికి ‘మోంటెసింక్లా’ అనే కొత్త ప్రజాతిని ఏర్పరచారు. అందులో నాలుగు జాతులు. పాలక్కాడు కనుమకు ఉత్తరాన కాకినాన్స్, జెర్డోని, దక్షిణాన ఫెయిర్‌బాంకి, చెంకోట కనుమ కూడా దాటితే మెరిడియోనాలిస్. జెర్డోని, ఫెయిర్‌బాంకి షష్ఠీ విభక్తిలో ఉన్నాయి. ‘జర్డన్ యొక్క’ అనే మాటకు విశేష్యం లింగంతో పనిలేదు, కాబట్టి అవీ మారవు. మెరిడియోనాలిస్ సంగతి వేరు. ‘దక్షిణాది’ అని అర్థమిచ్చే విశేషణం అది; ట్రోకలాప్టెరాన్‌లో ఉన్నప్పుడు ‘మెరిడియోనాలె’ అని రాసేవారు, స్త్రీలింగమైన మోంటెసింక్లాలోకి వచ్చాక ‘మెరిడియోనాలిస్’ అయింది. తెలుగులో పక్షుల జాబితాలు సవరించేవారు ప్రజాతి పేరు ఒక్కటే మార్చి ఊరుకోకుండా, ఆ పక్కమాట చివర కూడా దయచేసి చూసుకోవాలి.