అప్‌డేట్: భోగాపురం బీచ్ రిసార్ట్‌లో దిగితే గోల్ఫ్ ఎక్కడ?

అడిగింది ఇదీ: విజయనగరం నుంచి పిల్లాపెద్దలతో భోగాపురం తీరానికి వెళ్తున్నాం, వాళ్ల సరదా చెడకుండా గోల్ఫ్ ఎక్కడ కుదురుతుంది? మీ సలహాలన్నీ చూశాక తేలింది ఒక్కటే పేరు, విశాఖ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్. 18 హోల్స్ (బంతిని వేయాల్సిన గుంటలు) ఉన్న కోర్సు. ఇంకా దూరంవి కలిపితే అది కుటుంబ యాత్ర అనిపించుకోదు.

పూర్తి రౌండ్‌కి నాలుగు, నాలుగున్నర గంటలు. రానూపోనూ దారి కలిపితే ఇంట్లోవాళ్లకి సగం రోజు పోయినట్టే. అందుకని 9 హోల్సే, అదీ తెల్లారుతూనే. ముందే ఫోన్ చేసి కనుక్కోవాల్సినవి: సభ్యులు కానివాళ్లని ఏయే రోజుల్లో ఆడనిస్తారు, హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ (మన ఆట స్థాయి చూపే పత్రం) అడుగుతారా, గ్రీన్ ఫీజులో (కోర్సులో ఆడటానికి కట్టే రుసుము) క్యాడీ (బ్యాగు మోసే సహాయకుడు) డబ్బులు కలిశాయా. ఆదివారం వదిలేయండి.

పొద్దెక్కితే సముద్రపు గాలి మొదలవుతుంది. గంటకు 16 కిలోమీటర్ల ఎదురుగాలికి దూరం సుమారు పది శాతం పెరిగినట్టు లెక్క: 140 గజాల షాట్‌కి 154 గజాలు కొట్టే క్లబ్ (గోల్ఫ్ కర్ర) తీయాలి. వెనకగాలి అందులో సగమే సాయం చేస్తుంది. ఎదురుగాలిలో గట్టిగా బాదారో, బ్యాక్‌స్పిన్ (బంతి వెనక్కి తిరిగే సుడి) ఎక్కువై బంతి పైకి లేచి అక్కడే చతికిలపడుతుంది. బంతిని స్టాన్స్‌లో (నిలబడే తీరులో) కాస్త వెనక్కి పెట్టి ముప్పావు స్వింగ్ చేస్తే చాలు.

రిసార్ట్‌కి రాగానే ఐరన్లు (లోహపు తలల క్లబ్బులు) మంచినీళ్ల గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. తడి కవర్లు తొడిగితే ఉప్పుగాలికి తుప్పు ఖాయం.