ఎముకలు గుల్లబారినవారికి మెడలో ఫ్యూజన్ ఆపరేషన్: టి-స్కోరును ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న:
మా అమ్మగారికి అరవై ఏడేళ్లు. మెడలో రెండుచోట్ల డిస్కులు వెన్నుపామును నొక్కుతున్నాయని, ముందువైపు నుంచి వాటిని తీసి, ఆ ఖాళీలో కేజ్‌లు (డిస్కు స్థానంలో ఆసరాగా పెట్టే చిన్న దిమ్మెలు) పెట్టి, ప్లేటుతో, స్క్రూలతో బిగించి పూసలను అతికించాలని సర్జన్ గారు చెప్పారు. ఆమెకు గుండీలు పెట్టుకోవడం కూడా కష్టమవుతోంది, నడకలో తూలు వస్తోంది. ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్‌లో తుంటి దగ్గర టి-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముక సాంద్రతతో పోల్చి చెప్పే అంకె) −2.7, నడుము దగ్గర −1.4 వచ్చాయి. ఏ అంకెను లెక్కలోకి తీసుకోవాలి? ముందు ఎముకలకు మందులు వాడి, ఆ తర్వాత ఆపరేషన్ చేయించడం మేలా?

జవాబు (రేడియాలజీ విభాగంలో పనిచేస్తున్నాను):
తక్కువగా వచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకుంటారు. −2.5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ఎముక గుల్లబారినట్టే. పెద్ద వయసులో నడుము పూసల అంచుల్లో పెరిగిన ఎముక, పక్కనే ఉన్న పెద్ద రక్తనాళంలో పేరుకున్న కాల్షియం కూడా స్కాన్‌లో కలిసిపోవడం వల్ల అక్కడి అంకె ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. అయితే ఈ రెండింటిలో ఏదీ మెడను కొలిచింది కాదు. మెడకు సీటీ తీసి ఉంటే, పూస లోపలి మెత్తటి ఎముక సాంద్రతను హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో (సీటీలో సాంద్రతను చెప్పే కొలమానం) కొలవమని అడగండి. దానికి మళ్లీ స్కాన్ అక్కర్లేదు. మెడ పూసలు సాధారణంగా నడుము పూసలకంటే దట్టంగా ఉంటాయి కాబట్టి నడుముకు పెట్టిన హద్దులను వీటికి వర్తింపజేయకూడదు.

జవాబు (వెన్నెముక శస్త్రచికిత్స విభాగం వైద్యుణ్ణి):
గుల్లబారిన ఎముకలో ఎక్కువగా ఎదురయ్యే సమస్య కేజ్ పూసలోకి కుంగడం. కొద్దిగా కుంగినా పూసలు అతుక్కుని, రోగికి ఏ బాధా లేకపోవడం తరచూ చూస్తాం. బాగా కుంగితే మాత్రం మెడ ముందుకు వంగుతుంది, నరం బయటికి వచ్చే దారి మళ్లీ ఇరుకవుతుంది. అందుకే పూస పైపొరను ఎక్కువగా గీకకుండా, వెడల్పైన కేజ్ ఎంచుకుని, అవసరానికి మించి ఎత్తున్నదాన్ని బలవంతంగా దిగ్గొట్టకుండా జాగ్రత్తపడతారు. అతికించే చోట్లు పెరిగేకొద్దీ అతుక్కోకపోయే అవకాశం కూడా పెరుగుతుంది. అప్పుడు వెనుకవైపు నుంచి కూడా బిగించడం గురించి ఆలోచిస్తారు.

ఇక మందుల మాట. కేవలం చేయి నొప్పే అయితే కొన్ని నెలలు ఆగి, టెరిపారటైడ్ వంటి ఎముకను కొత్తగా పెంచే మందు వాడి చూడవచ్చు. గతంలో ఎముకలకు రేడియేషన్ చికిత్స తీసుకున్నవారికి అది వాడకూడదు. మీ అమ్మగారి చేతి పట్టు, నడక రెండూ దెబ్బతింటున్నాయంటే వెన్నుపాము నలుగుతోందని అర్థం. ఆ నష్టం ఆపరేషన్ తర్వాత కూడా పూర్తిగా తీరకపోవచ్చు కాబట్టి, నా అభిప్రాయంలో ఎముక కోసం ఆగడం తగదు. ఎముక చికిత్సను ఆపరేషన్‌తో పాటే మొదలుపెట్టవచ్చు.

జవాబు:
విటమిన్ డి పరీక్ష చేయించారా? స్టెరాయిడ్ మాత్రలు ఏమైనా వాడుతుంటే ఆ సంగతి కూడా సర్జన్ గారికి తప్పక చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. సీటీ ఇప్పటికే ఉంది, విటమిన్ డి పరీక్ష చేయించలేదు. వెనుకవైపు బిగింపు అవసరమా అన్నది కూడా అడుగుతాను.