అమెరికా గ్రీన్‌కార్డుల్లో దేశానికి 7 శాతం: ఎక్కడిదీ నిబంధన, ఎత్తేస్తే ఎవరికి లాభం?

పెన్నా_ఒడ్డు:
తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి. దేశానికి 7 శాతం పరిమితి 1924 నాటి జాతి కోటాలకు మిగిలిపోయిన తోక అని కొందరంటారు. ఆ కోటాలను పడగొట్టిన చట్టమే దీన్ని పెట్టిందని ఇంకొందరంటారు. రెండూ ఎలా నిజమవుతాయి? రెండో సంగతి, రేపు ఆ పరిమితి తీసేస్తే ఈబీ-2లో (పైచదువు అవసరమైన ఉద్యోగాల గ్రీన్‌కార్డు వర్గం) 2015 తర్వాతి క్యూ తేదీలున్న మనవాళ్లకు నిజంగా ఒరిగేదేమైనా ఉందా? మూడోది, చట్టం మారేదాకా ఉన్న నిబంధనల్లోనే వాడుకోదగ్గ వెసులుబాట్లేమిటి? 21 ఏళ్లు నిండిన పిల్లలు తల్లిదండ్రుల గ్రీన్‌కార్డు లెక్కలోకి రారు కనక, పిల్లలకు 21 దగ్గరపడుతున్న ఇళ్లవాళ్లు ఎక్కువగా అడుగుతున్నారు. పార్టీల గోల వద్దు, అంకెలూ సెక్షన్లూ చాలు.

పాతకాగితాలు:
రెండూ నిజమేనండీ, వరుస తెలిస్తే చిక్కు విడిపోతుంది.

1917 చట్టం ఆసియాలో చాలా భాగాన్ని నిషేధిత ప్రాంతంగా ప్రకటించింది, ఇండియా అందులోనే ఉంది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వ చట్టంలో చెప్పిన 'తెల్లవారి' కిందికి రారని తేల్చింది. ఆ తీర్పు చూపించి, అప్పటికే పౌరులైన కొందరి పౌరసత్వాన్ని కూడా రద్దు చేశారు. మరుసటి ఏడాది, 1924లో, యూరప్‌వాళ్లకూ పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు వేశారు. 1890 జనాభా లెక్కల్లో ఒక్కో దేశంలో పుట్టినవాళ్లు ఎంతమంది ఉంటే అందులో 2 శాతం. చట్టం 1924లో చేస్తూ 1890 లెక్కలు తీయడం అమాయకత్వం కాదు. ఇటలీ, తూర్పు యూరప్ జనం పెద్ద ఎత్తున వచ్చిపడింది ఆ తర్వాతే. 1929లో సవరించిన పట్టికలో బ్రిటన్‌కు ఏటా 65,721. మనకు 1946లో లూస్-సెల్లర్ చట్టంతో తలుపు తీశారు, ఏటా 100 మందికి.

1965 అక్టోబర్ 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టిన హార్ట్-సెల్లర్ చట్టం ఈ పట్టికనే చించేసింది. తూర్పు అర్ధగోళం మొత్తానికి 1,70,000 వీసాలు, అందులో ఏ దేశానికైనా 20,000 గరిష్ఠం. 65,721 ఉన్నచోటా 100 ఉన్నచోటా ఇక ఒకటే అంకె. ఆనాటికి అది సమానత్వం కిందే లెక్క. ఆ అంకెను మనవాళ్లు అందుకుంటారని వాషింగ్టన్‌లో ఎవరూ పెద్దగా అనుకోలేదు. ఆసియా-పసిఫిక్ నుంచి మొదటి ఏడాది 5,000 మంది వస్తారేమో, తర్వాత దాదాపు ఆగిపోతుందని అటార్నీ జనరల్ హోదాలో రాబర్ట్ కెనెడీ 1964లో సభాసంఘానికి చెప్పాడు. 74 శాతం వీసాలు కుటుంబ సంబంధాలకే ఇవ్వడం వెనక కూడా, ఉన్నవాళ్లు తమవాళ్లనే తెచ్చుకుంటారు కనక జనం పోలిక మారదన్న లెక్క ఉంది. ఆ లెక్క తప్పింది. నిపుణులకూ పనివాళ్లకూ వదిలిన 20 శాతంలోంచి వెళ్లిన డాక్టర్లూ ఇంజనీర్లే అక్కడి తొలి తెలుగు సంఘాలకు పునాది.

7 శాతం అన్నది 1990 చట్టం పెట్టిన రూపం. వలస చట్టంలో సెక్షన్ 202 తీసి చదవండి. మొదటి క్లాజు జాతి, జాతీయత, పుట్టిన చోటును బట్టి వీసాలో వివక్ష చూపకూడదంటుంది. ఆ క్లాజే దేశాలవారీ పరిమితికి మాత్రం మినహాయింపు ఇస్తుంది. మీరు విన్న రెండు వాదాలూ ఆ ఒక్క సెక్షన్‌లోనే కాపురం చేస్తున్నాయి.

లెక్కల_మాస్టారు:
చరిత్ర పైన వచ్చేసింది, నేను అంకెలకే వెళ్తాను.

చాలామంది పొరపడేది ఇక్కడ: 7 శాతం కోటా కాదు, గరిష్ఠం. ఏ దేశానికీ అంత వాటా దక్కాలని లేదు. పైగా దాన్ని లెక్కించేది ఉద్యోగ వీసాల మీద ఒక్కదాని మీదే కాదు. కుటుంబం 2,26,000, ఉద్యోగం 1,40,000, కలిపి 3,66,000. అందులో 7 శాతం 25,620. ఆ గరిష్ఠాన్ని తాకిన దేశానికి ఒక్కో వర్గంలో దామాషా ప్రకారం పంచుతారు. ఈబీ-2 వాటా 28.6 శాతం, అంటే 40,040. అందులో 7 శాతం సుమారు 2,803. ఇందులోనే భార్యాభర్తలూ పిల్లలూ. ఒక్కో దరఖాస్తుకు సగటున ఇద్దరు అనుకున్నా ఏడాదికి 1,400 కుటుంబాలు. 2025 చివర్లో కూడా వీసా బులెటిన్‌లో (ఎవరి తేదీ దాకా వీసాలు ఇస్తున్నారో చెప్పే నెలవారీ పట్టిక) ఇండియా ఈబీ-2 తేదీ 2013లోనే తచ్చాడుతుండటానికి కారణం ఇదే.

మరి కొన్నేళ్లు వేలకు వేలు ఎలా వచ్చాయంటారా? 202లోనే ఇంకో క్లాజు ఉంది. ఒక వర్గంలో మిగతా దేశాలవాళ్లు వాడుకోగా మిగిలినవి ఏ దేశమని చూడకుండా పాత తేదీవాళ్లకు ఇవ్వాలి. పై వర్గమైన ఈబీ-1లో మిగిలినవి ఈబీ-2కీ, అక్కడ మిగిలితే కింది వర్గమైన ఈబీ-3కీ దిగుతాయి. మిగతా ప్రపంచానికే ఈబీ-2లో వేచి ఉండే తేదీలు పడితే ఇక మిగిలేదేముంది? 2022 డిసెంబర్‌లో మొదలైంది అదే.

ఇంకో చిల్లు చూడండి. కోవిడ్ వల్ల కుటుంబ వీసాలు మిగిలి, 2021 ఆర్థిక సంవత్సరంలో ఉద్యోగ వీసాలు 2,62,000 దాటాయి. ఆ సంవత్సరం ముగిసే సెప్టెంబర్ 30 లోపు ఫైళ్లు తేల్చలేక దాదాపు 66 వేలు గాలికి పోయాయి. కాగితం మీద ఇవి మరుసటి ఏడాది కుటుంబ వర్గం లెక్కలోకి వెళ్లాలి. కానీ ఆ లెక్క ఎప్పుడూ 2,26,000 అనే కనీసం కిందే తేలుతుంది కాబట్టి, కలిపినా ఒక్క వీసా పెరగదు. 7 శాతం మీద కొట్టుకునేవాళ్లలో ఈ చిల్లు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

ఓరుగల్లు_వాసి:
మాస్టారూ, అంకెలు సరే. రెండో ప్రశ్న మాత్రం మీరు దాటేశారు. పరిమితి ఎత్తేస్తే 1,40,000 పెరగదు, క్యూ ఒక్కటవుతుంది అంతే. 2013, 2014 తేదీలున్న మనవాళ్లకు పండగ. 2015 తర్వాతివాళ్లకూ నడక వేగం అందుతుంది. అదే రోజు నుంచి కొత్తగా అప్లై చేసే నైజీరియా ఇంజనీరో, ఫిలిప్పీన్స్ నర్సో మన పాత క్యూ అంతా అయ్యేదాకా నిలబడాలి. ఆసుపత్రులు అందుకే వ్యతిరేకించాయి. వాళ్ల వాదన ద్వేషం అనుకుంటే మనకే నష్టం.

ఓట్ల సంగతి కూడా చూడండి. ఈ పరిమితి ఎత్తేసే హెచ్.ఆర్. 1044 బిల్లు ప్రతినిధుల సభలో 2019 జులై 10న 365-65తో గెలిచింది. మొదటి మూడేళ్లు ఇతర దేశాలకు కొంత వాటా పక్కన పెట్టే ఏర్పాటు కూడా అందులో ఉంది. సెనేట్ 2020 డిసెంబర్ 2న వేరే సవరణలతో ఆమోదించింది. రెండు ప్రతులూ ఒక్కటి కాకముందే ఆ కాంగ్రెస్ గడువు ముగిసింది. ఇలాంటిదే అయిన ఈగిల్ బిల్లును 2022 డిసెంబర్‌లో ఓటింగ్ దాకా తెచ్చి వాయిదా వేశారు. ఇంత మద్దతు ఉండీ ఎందుకు ఆగిందంటే, ఒకరిది తీసి ఇంకొకరికి ఇచ్చే బిల్లు కాబట్టి. కుటుంబ సభ్యులను లెక్కలోంచి తీసేయండి అని అడిగితే ఎవరి వీసా పోదు. ఉద్యోగ వీసాల్లో సగానికి పైగా వాళ్లకే పోతున్నాయి. అయితే మొత్తం వలసలు పెరుగుతాయి, దానికి కాంగ్రెస్‌లో ఓట్లు దొరకవు. అసలు ముడి అక్కడుంది.

మనవాళ్లు గట్టిగా అడిగి సాధించిన సందర్భం లేకపోలేదు. 2007 జులైలో అన్ని తేదీలూ తెరుస్తామని బులెటిన్ ఇచ్చి, జులై 2న లేదు పొమ్మన్నారు. జనం తిట్లు రాయలేదు. గాంధీగిరి అంటూ వలస సేవల డైరెక్టర్ ఆఫీసుకు పూల గుత్తులు పంపారు. ఆయన వాటిని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రికి మళ్లించాడు. కోర్టు కేసులూ తోడయ్యాయి. చివరికి ఆగస్టు 17 దాకా దరఖాస్తులు తీసుకున్నారు.

ఫైలింగ్_గది:
మూడో ప్రశ్నకు వస్తాను. చట్టం మారకుండానే పనికొచ్చేవి.

ముందు పుట్టిన దేశం. చూసేది పాస్‌పోర్టు కాదు, జన్మస్థలం. కెనడా పౌరసత్వం తీసుకున్నా గుంటూరులో పుట్టినవాళ్లు ఇండియా క్యూలోనే. కానీ భార్య గానీ భర్త గానీ మస్కట్‌లోనో రియాద్‌లోనో పుట్టి ఉంటే ఆ దేశం లెక్కలోకి ఇద్దరూ మారవచ్చు. షరతు ఒకటే, ఇద్దరి ఐ-485లు (అమెరికాలో ఉంటూనే వేసే గ్రీన్‌కార్డు దరఖాస్తులు) కలిసి నడవాలి. జనన ధ్రువపత్రంలో ఊరూ దేశం స్పష్టంగా ఉండాలి. ఇండియాకు తిరిగొచ్చాక ఆలస్యంగా చేయించిన రిజిస్ట్రేషన్ అయితే ప్రశ్నలు వస్తాయి, అక్కడి ఆసుపత్రి కాగితం, పాత పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి. పిల్లల జన్మస్థలం మాత్రం తల్లిదండ్రులకు పనికిరాదు. ఈ అపోహ ఎంత చెప్పినా పోవడం లేదు.

తర్వాత ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మీ చోటు చెప్పే తేదీ. పెర్మ్ (కంపెనీ కార్మిక శాఖకు పెట్టే అర్జీ) దాఖలు చేసిన రోజే మీ తేదీ. ఐ-140 (కంపెనీ మీ కోసం వలస సేవల శాఖకు వేసే అర్జీ) ఒకసారి ఆమోదం పొందితే కంపెనీ మారినా ఆ తేదీ మీదే, మోసం లాంటివి తేలితే తప్ప. ఇక్కడ 180 రోజుల గీత ఒకటుంది. ఆమోదం వచ్చి 180 రోజులు దాటాక పాత కంపెనీ ఉపసంహరించుకున్నా, ఆరేళ్ల గరిష్ఠ గడువు తర్వాత హెచ్-1బి ఉద్యోగ వీసా మూడేళ్ల పొడిగింపుకు ఆ ఐ-140 చాలు. 180లోపే వెనక్కి తీసుకుంటే తేదీ మిగులుతుంది, పొడిగింపు ఆధారం పోతుంది. కొత్త కంపెనీ పెర్మ్, ఐ-140 మళ్లీ నడపాలి. ఆరో ఏడాది చివర్లో ఉద్యోగం మారేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

ఈబీ-2, ఈబీ-3 రెండు తేదీలూ ప్రతి నెలా పోల్చుకోండి. 2020 అక్టోబర్‌లో దాఖలు తేదీ (ఐ-485 ముందుగా వేసుకోనిచ్చే తేదీ) ఈబీ-3లో 2015 జనవరికి వచ్చింది, ఈబీ-2 ఇంకా 2011లోనే ఉంది. పాత పెర్మ్ మీదే ఈబీ-3కి ఇంకో ఐ-140 వేసినవాళ్లు ఐ-485 దాఖలు చేసుకోగలిగారు.

పెన్నా_ఒడ్డు:
అందరికీ ధన్యవాదాలు. ఫైలింగ్ గారూ, 21 సంగతి మిగిలిపోయింది. ఐ-140 ప్రీమియంలో (అదనపు రుసుముతో త్వరగా తేల్చే పద్ధతి) వేస్తే పిల్లలకు నష్టమంటున్నారు, నిజమేనా?

ఫైలింగ్_గది:
కొన్ని ఇళ్లలో నిజమేనండీ. 2002 నాటి పిల్లల రక్షణ చట్టం కింద వయసు ఇలా కడతారు: వీసా అందుబాటులోకి వచ్చిన రోజున అసలు వయసు, అందులోంచి ఐ-140 పెండింగ్‌లో ఉన్న రోజులు తీసివేత. బిడ్డ వయసు 22 ఏళ్ల 1 నెల, ఐ-140 పద్నాలుగు నెలలు నలిగింది అనుకుందాం. చట్టం దృష్టిలో 20 ఏళ్ల 11 నెలలు, గట్టెక్కినట్టే. అదే ఐ-140 ప్రీమియంలో 15 పనిదినాల్లో వచ్చేస్తే తీసివేయడానికి మూడు వారాలే. ఒకసారి ఆమోదం వచ్చాక ఆ రోజులు మళ్లీ పెరగవు. కాబట్టి బిడ్డ పదో తరగతి దాటి ఉంటే, హెచ్-1బి గడువు తొందర లేకపోతే, మామూలు పద్ధతిలో వేయడం మేలు.

ఏ పట్టిక చూడాలన్నది కూడా మారింది. 2023 ఫిబ్రవరి నుంచి దాఖలు తేదీల పట్టికతో వయసు ఆపనిచ్చారు. 2025 ఆగస్టు 15 నుంచి దాఖలు చేసినవాటికి మళ్లీ తుది తేదీల (వీసా నిజంగా ఇచ్చే తేదీల) పట్టికే. పాత పద్ధతి నమ్ముకుని లెక్కలు వేసుకున్నవాళ్లు ఇప్పుడే మళ్లీ వేసుకోండి. వీసా అందుబాటులోకి వచ్చిన ఏడాదిలోపు బిడ్డ పేరున ఐ-485 పడాలి, పెళ్లి కాకుండా ఉండాలి. కుదరదని తేలితే 21 నిండేలోపే ఎఫ్-1 విద్యార్థి వీసాకి మార్చుకునే దరఖాస్తు వేయండి. హెచ్-1బివాళ్ల కుటుంబానికిచ్చే హెచ్-4 ఆ పుట్టినరోజుతో ఆగిపోతుంది.